బటన్ నొక్కితే పాత మొత్తం ఎందుకు వస్తోంది?

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. మా నాన్న మామిడికాయల మండీలో లెక్కలు రాస్తారు. సీజన్‌లో కాటా చీటీలన్నీ చేత్తో కూడేసరికి రాత్రి పన్నెండు దాటుతుంది. ఆయన కష్టం చూడలేక పైథాన్ నేర్చుకుని చిన్న స్క్రిప్టు రాశాను. లాట్స్ అనే సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) చదివి, రకాలవారీగా కిలోలు కూడి, చివర మొత్తం చెబుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి రన్ చేస్తే 1,86,450 కిలోలు వస్తోంది. చేత్తో కూడినా అంతే. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో త్రికోణం బటన్ నొక్కితే మాత్రం 1,52,300 వస్తోంది. ఎర్రర్ ఏమీ చూపించదు. తేడా 34,150 కిలోలు. చూస్తే అది ఆదివారం తర్వాత దిగిన బళ్ల బరువుకు సరిగ్గా సరిపోయింది. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

తెలుగు పేర్లతో ఇంకో బాధ. మొదట్లో నీలం, బేనిషా కాయలు ఉన్నప్పుడు పేర్ల బదులు పిచ్చి అక్షరాలు వచ్చేవి. తోతాపురి లాట్ ఎక్కించిన రోజు ఏకంగా ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. ఫ్రెండ్ చెప్తే ఓపెన్ దగ్గర ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పెట్టాను. ఇప్పుడు త్రికోణం బటన్‌తో పేర్లు బాగానే వస్తున్నాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో పెట్టెలు పెట్టెలుగా వస్తున్నాయి. కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్‌తో నడిపితే ‘చార్‌మ్యాప్’ అని మళ్లీ ఎర్రర్. ఒకే స్క్రిప్టు మూడు చోట్ల మూడు రకాలుగా ఎందుకు పనిచేస్తోంది? నాన్న దీని మీద నమ్మకం పెట్టుకున్నారు. టెన్షన్‌గా ఉంది.

– ఒక విద్యార్థిని, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ తీసి పక్కన పెట్టండి. మీ కూడిక తప్పు కాదు. తేడా వచ్చిందని ఊరుకోకుండా ఆ 34,150 కిలోలు ఏ బళ్లవో వెతికి పట్టుకున్నారు చూడండి, సగం జవాబు మీరే రాసేశారు. కూడికలో తప్పుంటే తేడా ఎలాగంటే అలా వస్తుంది. సరిగ్గా ఆదివారం దగ్గర గీత గీసినట్టు తెగిందంటే, స్క్రిప్టు చదువుతున్నది ఆదివారం నాటి ఫైలన్నమాట. మీ ల్యాప్‌టాప్‌లో లాట్స్ ఫైళ్లు రెండున్నాయి. కమాండ్ ప్రాంప్ట్ కొత్తదాన్ని చదువుతోంది, బటన్ పాతదాన్ని చదువుతోంది.

అదెలాగో చెబుతాను. వీఎస్ కోడ్ గానీ మరే ఎడిటర్ గానీ మీ స్క్రిప్టును తాను నడపదు. పైథాన్‌ను పిలిచి ‘ఇదిగో ఫైలు, నడుపు’ అని అప్పజెబుతుంది, అంతే. పిలిచేటప్పుడు పైథాన్‌ను ఏదో ఒక ఫోల్డర్‌లో నిలబెట్టాలి కదా. ఆ నిలబెట్టిన చోటునే వర్కింగ్ డైరెక్టరీ అంటారు. మీరు కమాండ్ ప్రాంప్ట్‌లో స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపారు కాబట్టి పైథాన్ అక్కడే నిలబడింది. వీఎస్ కోడ్‌లో త్రికోణం నొక్కినప్పుడు అలా కాదు. మీరు ఓపెన్ ఫోల్డర్ అని ఏ ఫోల్డర్ తెరిచారో అక్కడ నిలబెడుతుంది. స్క్రిప్టు లోపలి ఫోల్డర్‌లో ఉన్నా దాన్ని పట్టించుకోదు. మీరు బయటి మండీ ఫోల్డర్ తెరిచి ఉంటారు. స్క్రిప్టూ, కొత్త లాట్స్ ఫైలూ లోపలి ఫోల్డర్‌లో ఉంటాయి. ఆదివారం నాడు తీసిన కాపీ ఒకటి బయట మిగిలిపోయి ఉంటుంది. చూడండి, తప్పకుండా దొరుకుతుంది.

మీ స్క్రిప్టులో ఫైలు పేరు ఉత్త ‘లాట్స్ డాట్ సీఎస్‌వీ’ అని రాసి ఉంటారు. ఆటో ఎక్కి ‘గాంధీ రోడ్డుకు పోనీ’ అన్నట్టే అది. తిరుపతిలో ఎక్కితే తిరుపతి గాంధీ రోడ్డుకు పోతుంది, మీ ఊళ్లో ఎక్కితే చిత్తూరు గాంధీ రోడ్డుకు పోతుంది. ఆటోవాడి తప్పేం లేదు, మనం ఎక్కడ నిలబడి అడిగామన్నదే లెక్క. ఒకవేళ బయటి ఫోల్డర్‌లో ఆ పాత కాపీ లేకపోయుంటే ‘అలాంటి ఫైలు లేదు’ అని ఎర్రర్ వచ్చేది, మీకు మొదటి రోజే తెలిసిపోయేది. అదే పేరుతో ఇంకో ఫైలు ఉండటం వల్ల గప్‌చుప్‌గా తప్పు మొత్తం వచ్చింది. ఎర్రర్ వచ్చే స్క్రిప్టు కంటే ఎర్రర్ రాకుండా తప్పు చెప్పే స్క్రిప్టుకే నేను ఎక్కువ భయపడతాను.

నా మాట నమ్మక్కర్లేదు, స్క్రిప్టునే అడగండి. ఫోన్లో చెప్పినట్టు చెబుతాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసుకోండి. స్క్రిప్టు పైన ‘ఇంపోర్ట్ ఓఎస్’ అని రాయండి. కింద ప్రింట్‌లో ‘ఓఎస్ డాట్ గెట్‌సీడబ్ల్యూడీ’, ఖాళీ బ్రాకెట్లు. ఇది నిలబడ్డ చోటు చెబుతుంది. ఇంకో ప్రింట్‌లో ‘ఓఎస్ డాట్ పాత్ డాట్ యాబ్స్‌పాత్’, బ్రాకెట్లో మీ సీఎస్‌వీ పేరు. ఇది ఏ ఫైలు చదవబోతోందో సీ డ్రైవ్ దగ్గర నుంచి పూర్తి అడ్రస్ చెబుతుంది. ఇప్పుడు ఒకసారి కమాండ్ ప్రాంప్ట్‌లో, ఒకసారి త్రికోణంతో నడపండి. రెండు అడ్రస్‌లు పక్కపక్కన పెట్టుకుంటే విషయం అర్థమైపోతుంది.

సరిచేయడానికి రెండు దారులున్నాయి. వీఎస్ కోడ్ సెట్టింగుల్లో ‘ఎగ్జిక్యూట్ ఇన్ ఫైల్ డిర్’ అని వెతికితే పైథాన్ టెర్మినల్ కింద ఒక టిక్ బాక్స్ వస్తుంది. దానికి టిక్ పెడితే స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌లోనే పైథాన్‌ను నిలబెడుతుంది. చాలామంది చెప్పేది ఇదే. నేను మాత్రం మీకు ఇది చెప్పను. ఆ టిక్ మీ ల్యాప్‌టాప్‌లోని వీఎస్ కోడ్‌కే పరిమితం. రేపు నాన్నగారి మండీ కంప్యూటర్లో స్క్రిప్టు పెడితే మళ్లీ కథ మొదటికొస్తుంది. అడ్రస్ స్క్రిప్టులోనే ఉండాలి. ఎవరు పిలిచినా, ఎక్కడ నిలబెట్టినా తన పక్కనున్న ఫైలునే అది చదవాలి.

దానికి రెండు లైన్లు చాలు. పైన ‘ఫ్రమ్ పాత్‌లిబ్ ఇంపోర్ట్ పాత్’, ఇందులో రెండో పాత్‌కు పెద్ద పీ. కింద ‘చోటు’ అని ఒక వేరియబుల్ పెట్టుకోండి. దానికి సమానం: పాత్, బ్రాకెట్లో డబుల్ అండర్‌స్కోర్ ఫైల్ డబుల్ అండర్‌స్కోర్, బ్రాకెట్ మూసి డాట్ రిజాల్వ్, ఖాళీ బ్రాకెట్లు, డాట్ పేరెంట్. అంటే ‘ఈ స్క్రిప్టు ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ ఫోల్డర్’ అని. ఇక ఓపెన్‌లో ఉత్త పేరు బదులు చోటు, ఒక స్లాష్, తర్వాత కోట్‌లలో ఫైలు పేరు. మొత్తాన్ని ఇంకో ఫైల్లోకి రాస్తుంటే అక్కడా ఇలాగే రాయండి. చదవడం ఒక ఫోల్డర్లోంచీ రాయడం ఇంకో ఫోల్డర్లోకీ జరిగితే ఆ చిక్కు ఇంకా పెద్దది.

ఆ చిక్కులో నేను పడ్డాను. చాలా ఏళ్ల కిందట తిరుపతిలో నేను పనిచేసిన చోట హాస్టల్ మెస్ బిల్లులు నా స్క్రిప్టుతోనే తీసేవాళ్లం. ఒక నెల ఎడిటర్లోంచి నడిపాను. కొత్త బిల్లుల ఫైలు వేరే ఫోల్డర్‌లో పడింది. రోజూ తెరిచే ఫోల్డర్‌లో పోయిన నెల ఫైలు అలాగే ఉంది, దాన్నే ప్రింట్ తీసి నోటీసు బోర్డుకు అంటించారు. సెలవుల్లో ఊరికి పోయి నెలంతా మెస్‌లో తినని పిల్లలకు కూడా పూర్తి బిల్లు పడింది. ఒక అబ్బాయి వచ్చి ‘సార్, నేను ఊళ్లోనే లేను’ అని నిలబడేదాకా మాకెవరికీ తెలియలేదు. ఆ అబ్బాయి ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి నేను రాసే ఏ లెక్కల స్క్రిప్టయినా మొత్తం చెప్పేముందు మూడు సంగతులు చెబుతుంది: ఏ ఫైలు చదివాను, ఎన్ని వరసలు చదివాను, అందులో ఆఖరి తేదీ ఏది. మీరూ ఈ మూడూ పెట్టుకోండి. ‘ఆఖరి తేదీ ఆదివారం’ అని స్క్రీన్ మీద కనబడి ఉంటే మీ నాన్నగారే ‘నిన్న బళ్లు దిగాయి కదమ్మా’ అని అడిగేవారు. ఆయనకు పైథాన్ రాకపోవచ్చు, చీటీలు ఎన్నో మాత్రం ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఇక తెలుగు సంగతి. మీరు రాసినవాటిలో నాకు బాగా నచ్చింది నీలం, బేనిషా దగ్గర పిచ్చి అక్షరాలు వచ్చి తోతాపురి దగ్గర ఆగిపోయిందన్న మాట. ఇది కాకతాళీయం కాదు, దీనికి కచ్చితమైన కారణం ఉంది.

అక్షరాలను కంప్యూటర్లో అంకెలుగా, అంటే బైట్లుగా దాచే పద్ధతినే ఎన్‌కోడింగ్ అంటారు. అలాంటి పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. గుణింతాన్ని కూడా విడిగా ఒక గుర్తుగానే లెక్కేస్తుంది. తిరుపతి అన్న మాట మన కంటికి నాలుగక్షరాలే. కంప్యూటర్ లెక్కలో త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి, మొత్తం ఏడు గుర్తులు, 21 బైట్లు. పైథాన్‌లో పొడవు చెప్పే లెన్‌ను అడిగితే ఏడు అంటుంది, నాలుగు అనదు. మీరు ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఓపెన్ రాసినప్పుడు విండోస్‌లో పైథాన్ ఆ బైట్లను 1252 అనే పాత పట్టీ ప్రకారం చదివింది. మన దగ్గర ఇంగ్లీషు సెట్టింగుతో ఉండే విండోస్‌లన్నింట్లో మామూలుగా ఉండేది ఆ పట్టీయే. అందులో పశ్చిమ యూరప్ భాషల అక్షరాలుంటాయి. ఒక్కో బైటుకు ఒక్కో అక్షరం. అందుకే ఒక తెలుగు గుర్తు మూడు పిచ్చి గుర్తులుగా కనబడుతుంది. మీరు చూసిన చెత్తలో ఒకటి మాటిమాటికీ వచ్చి ఉంటుంది గమనించండి: నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ. ఆ జంట ఎక్కడ కనబడినా అది తెలుగే, చదివినవాడు తప్పు పట్టీతో చదివాడని అర్థం.

ఆ పట్టీలో 256 గళ్లుంటే ఐదు ఖాళీ. 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ అనే నంబర్ల గళ్లు అవి (పదహారు ఆధారంగా లెక్కించే నంబర్లు కాబట్టి మధ్యలో అక్షరాలుంటాయి). మన కొమ్ములో మూడో బైటు 81. పొల్లులో మూడో బైటు 8డీ. ‘ఏ’ అనే అక్షరానికి 8ఎఫ్, ‘ఐ’కి 90, ‘ఝ’కు 9డీ. నీలం, బేనిషా పేర్లలో వీటిలో ఒక్కటీ లేదు. అందుకని చెత్తగానైనా చదివేసింది. తోతాపురిలో పు ఉంది, దానికి కొమ్ముంది. పైథాన్ ఆ ఖాళీ గడి దగ్గరికొచ్చి చేతులెత్తేసింది. మీ పాత ఎర్రర్ ఫొటో ఉంటే చూడండి, ‘కాంట్ డీకోడ్ బైట్’ అన్న చోట 81 అని ఉంటుంది. చిత్తూరు అని రాసినా ఆగేది, తిరుపతి అని రాసినా ఆగేది. ఒత్తుల వెనక పొల్లు దాక్కుని ఉంటుంది కాబట్టి ఒత్తున్న మాట ఏదైనా అంతే. మీకు మొదట్లో కొమ్ము లేని, ఒత్తు లేని పేర్లే తగలడం వల్ల ఫైలు బాగానే ఉందనిపించింది.

ఓపెన్ దగ్గర ఎన్‌కోడింగ్ చెప్పమన్న మీ ఫ్రెండ్ సరైన మందే ఇచ్చారు. పైథాన్ 3.15 నుంచి విండోస్‌లో కూడా యూటీఎఫ్-8నే మామూలు పద్ధతిగా పెట్టాలని నిర్ణయించారు గానీ, మీ దగ్గరున్న వెర్షన్‌కు మీరు చెప్పాల్సిందే.

మరి కోడ్ రన్నర్‌లో మళ్లీ చార్‌మ్యాప్ ఎందుకంటే, ఆ ఎర్రర్ ఇంకోసారి నిదానంగా చదవండి. మొదటిసారి ‘డీకోడ్’ చేయలేనంది, ఈసారి ‘ఎన్‌కోడ్’ చేయలేనంటోంది. డీకోడ్ అంటే చదివేటప్పటి గొడవ, ఎన్‌కోడ్ అంటే రాసేటప్పటి గొడవ. చదవడం బాగైంది, ఇప్పుడు చెప్పడం దగ్గర చిక్కుకుంది. పైథాన్ 3.6 నుంచి విండోస్ టెర్మినల్‌తో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీతో, నేరుగా అన్ని భాషల అక్షరాలూ ఉన్న యూనికోడ్‌లో మాట్లాడుతుంది. త్రికోణం బటన్ నడిపేది అలాంటి టెర్మినల్‌లోనే, అందుకని దాంతో పేర్లు బాగా వచ్చాయి. కోడ్ రన్నర్ మామూలుగా టెర్మినల్‌లో నడపదు, కింద అవుట్‌పుట్ అనే వేరే ప్యానెల్‌కు గొట్టం వేసినట్టు పంపిస్తుంది. ఎదురుగా టెర్మినల్ లేదని తెలియగానే పైథాన్ మళ్లీ ఆ 1252 పట్టీనే పట్టుకుంటుంది. అందులో తెలుగు ఒక్క అక్షరమూ లేదు.

దీనికి కూడా మందు స్క్రిప్టులోనే పెట్టండి. పైన ‘ఇంపోర్ట్ సిస్’, దాని కింద ‘సిస్ డాట్ ఎస్‌టీడీఅవుట్ డాట్ రీకాన్ఫిగర్’, బ్రాకెట్లో ఎన్‌కోడింగ్ సమానం, కోట్‌లలో యూటీఎఫ్-8. పైథాన్ 3.7 నుంచీ ఇది పనిచేస్తుంది. ఇదే కాకుండా విండోస్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ‘పైథాన్‌యూటీఎఫ్8’ అని కలిపి, అన్నీ పెద్దక్షరాల్లో, కొత్తది చేర్చి విలువ 1 ఇచ్చినా పనవుతుంది. అలా చేస్తే వీఎస్ కోడ్ పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి, తెరిచి ఉన్న కిటికీకి కొత్త విలువ అందదు. ఈ ఒక్కటి మరిచిపోయి ‘పనిచేయలేదు’ అన్నవాళ్లను చాలామందిని చూశాను.

కమాండ్ ప్రాంప్ట్‌లో వచ్చే పెట్టెల గురించి అసలు బెంగ వద్దు. అక్కడి ఫాంట్‌లో తెలుగు బొమ్మలు లేవు, అంతే. ఆ పెట్టెలను సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి, శుభ్రంగా తోతాపురి అని కనబడుతుంది.

నిజంగా భయపడాల్సినవి ప్రశ్నార్థకాలు. ఎక్సెల్‌లో లాట్స్ ఫైలు తెరిచి సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ అని ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. పెట్టెలైతే లోపల అక్షరం భద్రంగా ఉంటుంది. పిచ్చి గుర్తులైతే సరైన పట్టీతో మళ్లీ చదువుకోవచ్చు. ప్రశ్నార్థకం పడిందంటే అక్షరం పోయినట్టే, ఏ మందూ లేదు. సేవ్ యాజ్‌లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని విడిగా ఉంటుంది, నాన్నగారికి కూడా అదే చూపించండి. అలా సేవ్ చేసిన ఫైలు మొదట్లో కంటికి కనబడని ఒక గుర్తు చేరుతుంది. దానివల్ల మొదటి కాలమ్ పేరు దొరకలేదని స్క్రిప్టు గోల పెట్టవచ్చు. ఓపెన్‌లో యూటీఎఫ్-8 బదులు యూటీఎఫ్-8-సిగ్ అని రాస్తే ఆ గుర్తు ఉన్నా లేకపోయినా సరిగ్గా చదువుతుంది.

మీరు అడగకపోయినా రెండు మూడు మాటలు గబగబా చెప్పేస్తాను. మీ స్క్రిప్టుకు సీఎస్‌వీ డాట్ పీవై అని ఎప్పుడూ పేరు పెట్టకండి. పైథాన్ తన సొంత సీఎస్‌వీ మాడ్యూల్ (ముందే రాసిపెట్టిన కోడ్) బదులు మీ ఫైలునే తెచ్చుకుంటుంది. కోడ్ రన్నర్ అవుట్‌పుట్ ప్యానెల్‌లో ఇన్‌పుట్ అడిగే స్క్రిప్టు నడపకండి, అక్కడ టైప్ చేయడానికి వీలుండదు. ట్యాబ్ మీద ఇంటూ గుర్తు బదులు నిండు చుక్క కనబడితే ఆ ఫైలు ఇంకా సేవ్ కాలేదని అర్థం. స్క్రిప్టుది చూసుకుంటారు గానీ పక్క ట్యాబ్‌లో తెరిచిన సీఎస్‌వీది మరిచిపోతారు, అప్పుడూ పాత మొత్తమే వస్తుంది. ఒక చోట పనిచేసిన మాడ్యూల్ ఇంకో చోట ‘లేదు’ అంటే సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చేసి చూడండి, రెండు చోట్లా నడుస్తున్నవి వేర్వేరు పైథాన్‌లు అయ్యుంటాయి.

ఇప్పుడు ఈ రాత్రికే చేయాల్సిన పని. బయటి ఫోల్డర్‌లో దొరికిన ఆ పాత లాట్స్ ఫైలును డిలీట్ చేయకండి. పేరు చివర ‘పాతది’ అని చేర్చి పక్కన పెట్టండి, అది మీకు సాక్ష్యం. తర్వాత ఒక్క సంగతి గుర్తు తెచ్చుకోండి: ఆదివారం నుంచి ఇప్పటిదాకా బటన్ నొక్కి తీసిన మొత్తం ఏ రోజైనా నాన్నగారికి చెప్పారా? చెప్పి ఉంటే ఆ రోజుల కాటా చీటీలు, చెల్లింపుల పుస్తకం ఇద్దరూ కలిసి ముందు పెట్టుకుని కూర్చోండి. ఎవరి లాట్‌కైనా డబ్బు తక్కువ వెళ్లిందని తేలితే, ఆ రైతు మండీకి వచ్చి అడిగేదాకా ఆగకుండా నాన్నగారి చేత ఫోన్ చేయించండి.